ఆఖరి షాట్‌లో రెండో పాప

నాకు కోపం ముక్కు మీదే ఉంటుంది. ఈ మాట మా ఆవిడ చెబుతుంది, స్కూలువాళ్ళు చెబుతారు, నా బస్సు హారన్ కూడా చెబుతుంది. పదకొండేళ్ళపాటు ఆ కోపంలో సగం ఒక్క మనిషి మీదే ఖర్చు పెట్టాను. ఆవిడ మా స్కూలు బస్సు ఆయా. పిల్లలకీ టీచర్లకీ ఆయమ్మ, నాకు అక్క. నాకంటే పదేళ్ళు పెద్దది, అరవైకి దగ్గర పడింది. గొంతెత్తి మాట్లాడగా ఎవరూ వినలేదు. నోట్లో నాలుక లేని మనిషి అంటారే, అచ్చం అలాంటిది. అలాంటి మనిషి మీద అరవడానికి కూడా ఎవడో ఒక దుర్మార్గుడు కావాలి కదా, ఆ లోటు నేను తీర్చాను.

గొడవంతా ఏడు నిమిషాల గురించి.

సాయంత్రం ఆఖరి పిల్లని ఇంటి ముందు దింపి, బస్సు తెచ్చి షెడ్డులో పెడితే నా పని అయిపోయినట్టే. తాళం వేసి, పుస్తకంలో టైము రాసి ఇంటికి పోవచ్చు. కానీ అక్క పని అప్పుడే మొదలయ్యేది. ముందు సీటు దగ్గర్నుంచి ఒక్కొక్క సీటు కిందికీ వంగి చూసేది. మోకాళ్ళు టకటకమన్నా ఆగేది కాదు. ఆఖరి వరుస దగ్గరికి చేరాక నిలబడి, ఖాళీ బస్సుతో మెల్లగా అనేది: "ఎవరైనా ఉన్నారామ్మా? అయిపోయింది. వచ్చేయండి."

అని ఊరుకుంటే బాగుండేది. జవాబు కోసం ఆగేది. తల కాస్త పక్కకి వంచి, చెవి పెట్టి, నిజంగానే ఎవరో లేచి వస్తారన్నట్టు నిలబడేది. షెడ్డు రేకుల మీద పావురాల చప్పుడు తప్ప ఏమీ ఉండేది కాదు. అద్దంలో ఆ దృశ్యం చూస్తుంటే నాకు ఒళ్ళు మండేది. నిజం చెప్పొద్దూ, కొన్నిరోజులు ఒళ్ళు జలదరించేది కూడా.

"ఎవరితో అక్కా మాట్లాడుతున్నావ్?" అని మొదటి వారంలోనే అడిగాను.

"ఉంటే వింటారని తమ్ముడూ."

"నలభై రెండు మంది ఎక్కారు, నలభై రెండు మంది దిగారు. లెక్కపెట్టింది నువ్వే!"

"లెక్కపెట్టాను. లెక్క వేరు, చూడటం వేరు."

పిచ్చి ముదిరింది, రోకలి తలకి చుట్టమన్నట్టుందని నేను పైకే అన్నాను. ఆవిడ నవ్వింది తప్ప మారలేదు. పొద్దున పిల్లలు ఎక్కేటప్పుడూ అంతే. అందరికీ ఒకే యూనిఫారం, ఒకే రంగు రిబ్బను. మిగతా బస్సుల ఆయాలు తలలు లెక్కపెట్టి రైటంటారు. అక్క మాత్రం ఒక్కొక్క తల మీద చెయ్యి పెట్టి, మొహంలోకి చూసి, పేరు చెప్పించుకునేది. "బట్టలు చూసి పిల్లల్ని లెక్కపెట్టకూడదు తమ్ముడూ. ఒకేలాంటి బట్టలు ఎన్నైనా కుట్టొచ్చు" అనేది.

ఆ మాట అనడానికి ఆవిడకి హక్కుంది. మొగుడు దర్జీ. ఇంట్లోనే ముందుగదిలో మిషను. నా ప్యాంటు అంచు ఊడినప్పుడల్లా అక్కడికే వెళ్ళేవాణ్ణి. అక్కని అక్క అన్నాక ఆయన బావ కాక తప్పుతుందా. నేను ఆవిడ మీద ఎంత అరుస్తానో తెలిసీ టీ పోసేవాడు. అది చిత్రమైన ఇల్లు. ఏ గది తలుపుకీ లోపల గడియ లేదు. బీరువాకి తలుపులు ఊడదీసి తెర కట్టారు. మంచం కింద కూడా ఏమీ పెట్టరు, ఇటు నుంచి అటు గోడ కనిపించాల్సిందే.

"మా ఇంట్లో దొంగలు పడటం తేలికే బామ్మర్దీ, దాక్కోవడమే కష్టం" అనేవాడు బావ. "ఇంకో సంగతి చెప్పనా? ఒకే గుడ్డలో రెండు గౌన్లు కుట్టనివ్వదు. కవలపిల్లల తల్లులు వస్తే తిప్పి పంపేస్తాను. బేరం పోయినా సరే."

"ఎందుకట?"

"ముప్పై ఐదేళ్ళుగా అడుగుతున్నా. నీకు చెబితే నాక్కూడా చెప్పు."

ఇలా ఉండగా మా కొత్త ట్రాన్స్‌పోర్టు సారు ఇంధనం, టైము, మనుషులు, దేంట్లో ఏం తగ్గించొచ్చో రాసివ్వమని డ్రైవర్లందరినీ అడిగాడు. నాకు తోచింది నేను రాశాను. ఆయా తనిఖీ వల్ల రోజుకి ఏడు నిమిషాలు దండగ అని, కింద సంతకం కూడా పెట్టాను. ఇచ్చేసి మరిచిపోయాను.

తర్వాతి ఆదివారం మధ్యాహ్నం టీవీలో పాత సినిమా వచ్చింది. నలుపు తెలుపు. మా చిన్నప్పుడు హాల్లో మళ్ళీ మళ్ళీ ఆడిన కిడ్నాపు సినిమా. ధనవంతుడి కూతుర్ని ఎత్తుకుపోయి పాత మిల్లు కింద నేలమాళిగలో దాస్తారు. ఫోనుకి జేబురుమాలు చుట్టి మాట్లాడే దొంగ, గొడుగు కింద కబురందించే నౌకరు, అన్నీ ఉంటాయి. చివర ఇన్‌స్పెక్టరు తలుపు తన్నుతాడు. లోపల చీకటి. అందులోంచి గౌను వేసుకున్న పాప, వెలుతురు కళ్ళలో పడకుండా మోచెయ్యి అడ్డం పెట్టుకుని, పరుగెత్తుకొచ్చి తల్లి ఒళ్ళో మొహం దాచుకుంటుంది. సంగీతం. శుభం.

కానీ మేమెవరమూ ఆ పాపని చూసేవాళ్ళం కాదు. పాప బయటికి పరుగెత్తాక, తెరిచిన తలుపు వెనక, కింది మూలన చీకట్లో ఇంకో మొహం కనిపిస్తుంది. చిన్న మొహం. రెండు కళ్ళు. రెప్ప కూడా వెయ్యవు. నాలుగు క్షణాలుంటుంది, అంతే. ఆ నాలుగు క్షణాల కోసం ఊరు ఊరంతా టిక్కెట్లు కొన్నది. సెట్టు వేసిన చోట ముందు శ్మశానం ఉండేదని ఒకడు, ఆ తలుపు ఎక్కడో ఇల్లు కాలిన చోట నుంచి తెచ్చారని ఒకడు. మా అన్నయ్య అయితే సరిగ్గా ఆ సమయానికి ఒక చేత్తో నా కళ్ళూ ఇంకో చేత్తో తన కళ్ళూ మూసేవాడు.

ఆ ఆదివారం మా ఆవిడకి ముందే చెప్పి చూపించాను. "అయ్యబాబోయ్, ఉందండీ!" అని కాళ్ళు పైకి పెట్టుకుంది. పట్టపగలు, కిటికీలోంచి ఎండ పడుతోంది, అయినా నేను లేచి లైటు వేశాను.

సోమవారం షెడ్డులో అక్క ఆఖరి వరుస దగ్గర నిలబడి తన పాట మొదలుపెట్టింది. నాకు అల్లరి పుట్టింది. ఆవిణ్ణి కాస్త భయపెడదామని ఆ సినిమా కథంతా చెప్పాను. నేలమాళిగా, తలుపూ, చీకట్లో దెయ్యం పిల్లా, ఏదీ వదల్లేదు. గొంతు మార్చి మరీ చెప్పాను.

అక్క ఆఖరి సీట్లో కూర్చుంది. పదకొండేళ్ళలో ఆవిడ ఆ సీట్లో కూర్చోవడం అదే మొదటిసారి.

"దెయ్యం కాదు తమ్ముడూ. అది నేనే" అంది.

నేను నవ్వాను. ఆవిడ నవ్వలేదు.

"నాకు ఆరేళ్ళు. సినిమా అంతా పాప వేషం నేనే వేశాను. ఆఖరి రోజు మాత్రం పాడు చేశాను. తలుపు తెరవగానే ఎదురుగా అంత పెద్ద లైటు, దాని వెనక ఎవరున్నారో కనిపించరు. నాలుగుసార్లు తీశారు, నాలుగుసార్లూ అడుగు వెయ్యలేక ఏడ్చాను. స్టూడియోలో ఆ ఫ్లోరు మధ్యాహ్నం రెండింటిదాకే ఇచ్చారు, ఆ తర్వాత ఖాళీ చెయ్యాలి. అప్పుడు మేకప్పాయన కూతుర్ని పట్టుకొచ్చారు. నా ఎత్తే. సినిమాల్లో గౌను ఎప్పుడూ రెండు కుట్టిస్తారు, ఒకటి మాసిపోతే ఇంకోటి ఉండాలని. ఆ రెండోది దానికి తొడిగారు. పసుపు గౌను. మొహం కనపడకుండా మోచెయ్యి అడ్డం పెట్టుకుని పరుగెత్తమన్నారు."

"మరి నువ్వు?"

"నేను లోపలే ఉన్నాను, నన్ను బయటికి పంపేంత టైము లేదు. డైరెక్టరు మామయ్య నా గడ్డం పట్టుకుని, 'ఇక్కడ మూల కూర్చో బంగారం. నేను కట్ చెప్పేదాకా కదలకూడదు, నోరు మెదపకూడదు' అన్నారు. కూర్చున్నాను. తలుపు తెరిచారు, అది పరుగెత్తింది. బయట అందరూ చప్పట్లు కొట్టారు, ఈలలు వేశారు. సినిమా అయిపోయింది కదా మరి. ఆ గోలలో ఎవరూ కట్ చెప్పలేదు. ఎవరో వచ్చి తలుపు మూసేశారు. లైట్లు ఆర్పేశారు."

నేను ఆవిడ ముందు సీట్లో కూర్చున్నాను.

"మా అమ్మని లోపలికి రానిచ్చేవాళ్ళు కాదు, నేను అమ్మ వైపు చూస్తానని. గేటు దగ్గర నిలబడేది. ప్రొడక్షను మేనేజరు పసుపు గౌను పిల్ల వ్యానెక్కడం చూశాడు. అమ్మతో 'మీ పాప వ్యానులో వెళ్ళిపోయిందమ్మా' అన్నాడు. ఆయన అబద్ధం చెప్పలేదు పాపం. గౌను చూసి చెప్పాడు. అమ్మ ఇంటికి పరుగెత్తింది."

"అరవొచ్చు కదా అక్కా! తలుపు బాదొచ్చు కదా!"

"కట్ చెప్పలేదు కదా తమ్ముడూ" అంది, నాకు తెలివిలేదన్నట్టు చూసి. "అరిస్తే షాటు పాడవుతుంది. అప్పటికే నాలుగుసార్లు పాడు చేశాను. కదలకుండా కూర్చున్నా. పెద్ద లైట్లు చల్లారేటప్పుడు టిక్కు టిక్కుమంటాయి, తెలుసా? ఎవరో నడుస్తున్నట్టే ఉంటుంది. ఆ తర్వాత అదీ ఆగిపోయింది. పొద్దువాలే వేళకి వడ్రంగులు సెట్టు ఊడదీయడానికొచ్చారు. గోడకి గునపం పెట్టి పీకితే వెలుగు పడింది. ఆ వడ్రంగి నా కళ్ళు చూసి గునపం పారేసి పారిపోయాడు. తర్వాత నలుగురొచ్చి ఎత్తుకెళ్ళారు. కొయ్యబారిపోయానట. బయటికి తెచ్చారు గానీ, కట్ మాత్రం ఎవరూ చెప్పలేదు. వాళ్ళకేం తెలుసు?"

ఆ తర్వాత ఇంకే సినిమాలోనూ వెయ్యలేదట. వాళ్ళమ్మ ఆ సినిమా చూడనివ్వలేదు, పెద్దయ్యాక తనే చూడలేదు. ఆఖరి షాట్‌లో తన మొహం పడిందనే సంగతి ఆవిడకి ఇన్నేళ్ళూ తెలియదు.

"నిజంగా కనిపిస్తున్నానా తమ్ముడూ?"

"కనిపిస్తున్నావ్. మా ఆవిడ కూడా చూసింది."

"ఏం చేస్తున్నాను?"

"ఏం లేదక్కా. కూర్చుని చూస్తున్నావ్."

"అయితే ఇంకా లోపలే ఉన్నానన్నమాట" అంది. కొళాయి కట్టెయ్యడం మర్చిపోయానన్నంత మామూలుగా అంది. "రోజూ ఎవరితో మాట్లాడతావని అడుగుతావు కదా. లోపలున్న ఆ పిల్లతోనే. నాకెవరూ చెప్పలేదు కాబట్టి నేనే చెబుతున్నా, అయిపోయింది వచ్చెయ్యమని. రోజూ చెబితే ఏదో ఒకరోజు వినపడకపోదు."

బుధవారం మిషన్లు వచ్చాయి. బస్సు తలుపు పక్కన ఒక డబ్బా. పిల్లలు ఎక్కేటప్పుడూ దిగేటప్పుడూ కార్డు తాకిస్తారు. తెర మీద సున్నా వచ్చిందంటే బస్సు ఖాళీ. తాళం వేసి పోవచ్చు. ఈ నెలాఖరు నుంచి మా బస్సుకి ఆయా అక్కర్లేదన్నాడు ట్రాన్స్‌పోర్టు సారు. పరుగెత్తుకెళ్ళి కాళ్ళావేళ్ళా పడ్డాను. ఆయన నిమ్మకు నీరెత్తినట్టు కూర్చుని ఫైలు తిప్పి నా కాగితమే నాకు చూపించాడు.

"మీరే కదా రాశారు? చాలా మంచి సూచన."

చేతులు కాలాక ఆకులు పట్టుకుంటే ఏం లాభం. సిగ్గుతో చచ్చిపోయి అక్క దగ్గరికెళ్ళాను. ఎలా మొదలుపెట్టాలో తెలియక గొణుగుతుంటే ఆవిడే అంది: "తెలుసులే తమ్ముడూ. నాకూ చూపించారు. నీ దస్తూరీ బాగుంటుంది."

చెంప మీద కొట్టినా అంత బాధ ఉండేది కాదు.

"ఉద్యోగం పోతే పోనీ" అంది. "బావ మిషను ఉంది, బతుకుతాం. కానీ ఇకనుంచి దానికెవరు చెబుతారు? నాకదే బెంగ."

ఆ నెలంతా నేను ఆవిణ్ణి తొందరపెడుతూ ఒక్కసారి కూడా హారన్ కొట్టలేదు. ఏడు కాదు, పది నిమిషాలు పట్టినా నోరెత్తలేదు. అక్క రోజురోజుకీ ఆఖరి వరుస దగ్గర ఎక్కువసేపు నిలబడేది. ఒకరోజు వెనక్కి తిరిగొస్తూ, "ఇవాళ కదిలినట్టనిపించింది" అంది. ఏం కదిలిందని అడిగే ధైర్యం నాకు లేకపోయింది.

ఆఖరి రోజు రానే వచ్చింది. పిల్లలు దిగిపోయారు. బావ ఆవిణ్ణి తీసుకెళ్ళడానికి షెడ్డు గేటు దగ్గరికొచ్చాడు, మెళ్ళో కొలతల టేపు తియ్యడం కూడా మరిచి. మిషను సున్నా చూపించింది. అక్క మామూలుగానే ముందు సీటు దగ్గర వంగింది. నేను స్టీరింగు మీద తల పెట్టుకుని కూర్చున్నాను. ఏడు నిమిషాలయింది. పది. పదిహేను. ఆ మాట ఇంకా వినపడలేదు. తలెత్తి అద్దంలోకి చూశాను.

బస్సులో ఎవరూ లేరు.

ఉన్నది ఒక్కటే తలుపు, అది నా పక్కనే ఉంది. అక్కడినుంచి ఎవరూ దిగలేదు. "అక్కా!" అన్నాను. ఉలుకూ పలుకూ లేదు. లేచి ఒక్కొక్క సీటూ చూసుకుంటూ వెనక్కి నడిచాను. మూసిన కిటికీల వల్ల చివర్లో బాగా చీకటిగా ఉంది. ఆఖరి వరుస మూల, నేల మీద, మోకాళ్ళు రొమ్ముకి హత్తుకుని కూర్చుని ఉంది అక్క. కళ్ళు తెరిచే ఉన్నాయి. రెప్ప వెయ్యడం లేదు.

ఆ మొహం నాకు తెలుసు. ఎనిమిదేళ్ళప్పుడు మా అన్నయ్య వేళ్ళ సందుల్లోంచి చూసిన మొహమే అది. ముడతలు కూడా దాన్ని దాచలేకపోయాయి.

చెయ్యి పట్టుకుంటే కొయ్యలా ఉంది. బావని పిలుద్దామా, డాక్టరుకి ఫోను చేద్దామా అని కుడితిలో పడ్డ ఎలుకలా కొట్టుకున్నాను. అప్పుడు తట్టింది. ఆవిడ ఇన్నాళ్ళూ దాన్ని రమ్మని పిలిచింది. ఇవాళ ఆఖరి రోజని తనే లోపలికి వెళ్ళి కూర్చుంది. ఆవిడకి కావలసింది డాక్టరు కాదు.

రోడ్డు మీద లారీవాళ్ళని అదరగొట్టే గొంతు నాది. ఆ గొంతుతో ఎంత గట్టిగా అరిచానంటే రేకుల మీది పావురాలన్నీ లేచిపోయాయి.

"కట్!"

అక్క రెప్ప వేసింది.

"కట్ అక్కా! షాటు ఓకే. బ్రహ్మాండంగా వచ్చింది. అందరూ ఇళ్ళకి పోతున్నారు. అయిపోయింది, వచ్చెయ్!"

వాచ్‌మన్ పరుగెత్తుకొచ్చి, "ఏంటన్నా, ఎవర్ని కొడుతున్నావ్?" అన్నాడు. పొమ్మని చెయ్యూపాను. నా కళ్ళలోంచి నీళ్ళు కారుతున్నాయి, తుడుచుకోవాలని కూడా తోచలేదు.

"నేనేం పాడు చెయ్యలేదు కదా?" అంది అక్క.

"లేదమ్మా. ఏం పాడు చెయ్యలేదు."

చేతులు చాచింది. పట్టుకుని లేపాను. మోకాళ్ళు టకటకమన్నాయి. బస్సు మెట్లు దిగేసరికి గేటులోంచి సాయంత్రపు ఎండ సూటిగా మొహాన కొట్టింది. అక్క మోచెయ్యి కళ్ళకి అడ్డం పెట్టుకుని, ఆ వయసులో, ఆ మోకాళ్ళతో, గేటు దగ్గరున్న బావ వైపు పరుగెత్తింది. ఆయనకి ఏమీ అర్థం కాలేదు. అయినా రెండు చేతులూ చాచాడు.

ఇప్పుడు నా బస్సు నేనే చూసుకుంటున్నాను. మిషను సున్నా అన్నా సరే, ప్రతి సీటు కిందికీ వంగుతాను. నాకు తొమ్మిది నిమిషాలు పడుతోంది, అక్కకున్నంత చురుకు నాకు లేదు. ట్రాన్స్‌పోర్టు సారు రెండు మెమోలిచ్చాడు. మూడోది కూడా ఇచ్చుకోమన్నాను.

మొన్న ఆదివారం మధ్యాహ్నం మళ్ళీ ఆ సినిమా వేశారు. మా ఆవిడా నేనూ పనులన్నీ మానుకుని కూర్చున్నాం. ఇన్‌స్పెక్టరు తలుపు తన్నాడు. పాప పరుగెత్తింది. నేను ముందుకి వంగి కింది మూలనే చూస్తున్నాను. చీకటి. ఒట్టి చీకటి. నాలుగు క్షణాలూ అయిపోయి శుభం పడింది.

"ఏదండీ?" అంది మా ఆవిడ నా మోచెయ్యి గట్టిగా పట్టుకుని. "పోయినసారి ఇద్దరం చూశాం కదా!"

వెంటనే అక్కకి ఫోను చేశాను. అవతల కుట్టుమిషను చప్పుడు వినిపిస్తోంది.

"అక్కా, సినిమా వేశారు. చూశాను. తలుపు వెనక ఎవరూ లేరు."

"ఎందుకుంటాను తమ్ముడూ, వచ్చేశాను కదా" అంది. గొంతు ఎప్పుడూ లేనంత పెద్దగా ఉంది, మిషను చప్పుడుని మించి. "సరే, పనిలో ఉన్నా, మళ్ళీ చేస్తాను. బావ కవలపిల్లలకి రెండు గౌన్లు కుట్టాడు, గుండీలు నేను కుట్టాలి."